మారిషస్: స్థానికుడంటూ లేని దీవి దేశమైన కథ

దేశాల గురించి చెప్పుకుంటున్నాం కదా, ఈ ఎపిసోడ్‌లో మారిషస్. పేరు వినగానే మనవాళ్ళకి హనీమూన్ ప్యాకేజీ గుర్తొస్తుంది, లేదంటే సినిమా పాటలో నీలం సముద్రం. నేను బీచ్‌ల జోలికి పెద్దగా పోను. వాటి మీద వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. ఆ దేశంలో స్థానికులు అనేవాళ్ళే లేరు. ఐదొందల ఏళ్ళ కిందట ఆ దీవిలో మనిషి కాపురం లేదు. ఇప్పుడున్న పన్నెండు లక్షల పైచిలుకు జనంలో ఎవరి వంశం తీసుకున్నా, ఎక్కడో ఒకచోట ఓడ దిగిన మనిషి దగ్గర ఆగుతుంది. ఆ దిగినవాళ్ళలో ఎక్కువమంది సరదాపడి వచ్చినవాళ్ళు కాదు. కొందరిని గొలుసులతో తెచ్చారు, కొందరిని వేలిముద్ర వేయించుకుని తెచ్చారు. అలాంటి చోట దేశం ఎలా నిలబడింది, నిలబడడానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈరోజు సంగతి అదీ.

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ కనిపిస్తుంది కదా, దానికి తూర్పుగా ఇంకో ఎనిమిది వందల కిలోమీటర్ల పైన జరపండి. చిన్న చుక్క, అదే మారిషస్. దేశం మొత్తం కలిపితే 2,040 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి జిల్లాలో ఐదో వంతు కూడా రాదు. రాజధాని పోర్ట్ లూయీ. తూర్పున ఐదారు వందల కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్ అనే ఇంకో చిన్న దీవి కూడా ఈ దేశానిదే.

అరబ్బు నావికులకి, పోర్చుగీసువాళ్ళకి ఆ దీవి తెలుసు గానీ ఎవరూ ఉండిపోలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. 1638 నుంచి కాపురం మొదలుపెట్టారు. వాళ్ళు చేసిన పనులు మూడు చెప్పొచ్చు: చెరకు తెచ్చారు, జావా నుంచి జింకల్ని తెచ్చారు, నల్లచేవ చెట్లు కొట్టుకుపోయారు. డోడో పక్షి కూడా వాళ్ళ హయాంలోనే పోయింది. ఎగరలేని, మనిషంటే భయం తెలియని పక్షి అది. మనిషి తిన్నవాటికంటే ఓడలతో పాటు దిగిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లు తినేయడమే ఎక్కువ దెబ్బ అంటారు. తుపానులు, కరువు తట్టుకోలేక 1710లో డచ్చివాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చి జెండా పాతారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీని రేవు పట్టణంగా కట్టించాడు. ఈయన పేరు మన చరిత్ర పుస్తకాల్లో కూడా ఉంటుంది. 1746లో ఇదే దీవి నుంచి ఓడలు వేసుకొచ్చి ఇంగ్లిష్‌వాళ్ళ దగ్గర మద్రాసు పట్టుకున్నది ఈయనే. అంటే ఆ చిన్న చుక్క అప్పట్లో కోరమాండల్ తీరం మీద దాడికి స్థావరం. పోర్ట్ లూయీ కట్టడానికి మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి బానిసల్ని, పుదుచ్చేరి వైపు నుంచి తమిళ మేస్త్రీలని, వడ్రంగుల్ని తెప్పించారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1810 డిసెంబరులో బ్రిటిష్‌వాళ్ళు దీవి పట్టుకున్నారు. ఆ సైన్యంలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక తమాషా చూడండి. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి మాట ఇచ్చారు: మీ భాష, మీ చట్టాలు, మీ మతం, మీ ఆస్తులు మీకే. అందుకే నూట యాభై ఏళ్ళకు పైగా ఇంగ్లిష్‌వాళ్ళు ఏలినా ఈ రోజుకీ అక్కడ పేపర్లు ఎక్కువ ఫ్రెంచిలోనే వస్తాయి. పార్లమెంటు రికార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంట్లో, బస్సులో, మార్కెట్లో మాత్రం క్రియోల్. ఫ్రెంచి మాటల్ని బానిసలు తమ నోటికి తగ్గట్టు మలుచుకోగా పుట్టిన భాష అది. దేశంలో దాదాపు అందరికీ వచ్చిన భాష అదొక్కటే, అయినా బడుల్లో ఐచ్ఛిక పాఠంగా చేరింది 2012లో. మారిషస్ రాజ్యాంగం దేశానికి ఇదీ అధికార భాష అని ఎక్కడా చెప్పదు. శాసనసభ వరకు ఇంగ్లిష్ అని, ఫ్రెంచిలో కూడా మాట్లాడొచ్చని చెప్పి ఊరుకుంది. నాకైతే ఇది మతిమరుపు అనిపించదు. తేల్చితే గొడవ అని తెలిసే తేల్చలేదు. ఈ 'తేల్చకుండా సర్దుకోవడం' అన్నది వాళ్ళ రాజకీయమంతా కనిపిస్తుంది.

ఇక అసలు కథలోకి వద్దాం. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అరవై వేలకు పైగా బానిసలు. నష్టపరిహారం ఇచ్చారు, ఇరవై లక్షల పౌండ్లు. ఎవరికి అనుకుంటున్నారు? యజమానులకి! బానిసలకి ఒక్క పెన్నీ రాలేదు, సెంటు భూమి రాలేదు. పైగా ఇంకో నాలుగేళ్ళు 'అప్రెంటిస్' అనే పేరుతో అదే యజమాని దగ్గర పని చేయమన్నారు. అది అయిపోగానే వాళ్ళు తోటలు వదిలేసి తీరాలకి, కొండవాలులకి వెళ్ళిపోయారు. ఆ చెరకు చేను మొహం చూడబుద్ధి కాలేదంటే తప్పేముంది?

మరి చెరకు ఎవరు నరకాలి? ఆ ప్రశ్నకి జవాబు మనం. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. ఇండియా నుంచి కూలీలు దొరికితే బానిసత్వం లేకుండా చక్కెర పండించొచ్చా అని బ్రిటిష్ ప్రభుత్వం పరీక్ష చేసింది. పరీక్ష పాసయింది, దాన్నే తర్వాత ట్రినిడాడ్, గయానా, నటాల్, ఫిజీలకి విస్తరించారు. ఒక్క మారిషస్‌కే, ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. మూడో వంతు మంది తిరిగొచ్చారు, మిగతావాళ్ళు అక్కడే ఉండిపోయారు. వాళ్ళు దిగిన రేవు మెట్లు ఇప్పటికీ పోర్ట్ లూయీలో ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఒప్పందం ఎలా ఉండేదంటే: నెలకి ఐదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు, ఏడాదికి ఇన్ని బట్టలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దాన్ని 'డబుల్ కట్' అనేవాళ్ళు. జ్వరమొచ్చి నెలలో పదిహేను రోజులు పడుకున్నవాడికి చేతికేమొస్తుందో మీరే లెక్క వేసుకోండి. 1860ల నుంచి కూలీలకి ఫొటో తీసి గుర్తింపు కాగితం ఇచ్చారు. అది జేబులో లేకుండా రోడ్డు మీద దొరికితే జైలు. ఆ ఫొటోలు వేలకు వేలు ఇప్పటికీ మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడివాళ్ళు ముత్తాత ఊరు కనుక్కోవాలంటే ఆ రిజిస్టర్ల దగ్గరికే వెళతారు. అప్పట్లో నిఘా కోసం రాసిన కాగితమే ఈరోజు వంశవృక్షానికి ఆధారం.

వీళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారా? ఉన్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అనే పేరు పడింది. బయల్దేరిన రేవు పేరే జాతి పేరైపోయింది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా చేసే రామభజనం ఇప్పటికీ చేస్తారు. భాష మాత్రం ఇళ్ళల్లోంచి దాదాపు పోయింది. బడిలో తెలుగు నేర్చుకుంటారు, ఇంటికొచ్చి క్రియోల్ మాట్లాడతారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి. మనవాళ్ళు జనాభాలో వందకి ముగ్గురు కూడా ఉండరు, అయినా జాతీయ సెలవు ఉంది. అదెలా అన్నదానికి వస్తాను.

కూలీలు యజమానులకి ఎదురెలా తిరిగారన్నది ఒక పెద్ద కథ, క్లుప్తంగా చెబుతాను. 1880ల నుంచి చక్కెర ధర పడిపోయి తోటల యజమానులు అంచుల్లో ఉన్న నాసిరకం భూములు ముక్కలు చేసి అమ్మేశారు. కొన్నది కూలీలే, పొదుపు చేసిన రూపాయిలతో. వాళ్ళ పిల్లలు బడికెళ్ళారు, మనవలు లండన్ వెళ్ళి డాక్టర్లు, లాయర్లు అయ్యారు. 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ గాంధీ గారు ఇక్కడ పద్దెనిమిది రోజులు ఆగారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పి వెళ్ళారు. 1936లో లేబర్ పార్టీ పుట్టింది, మర్నాటి ఏడే తోటల్లో సమ్మెలు, కాల్పులు. 1948లో ఏదో ఒక భాషలో రాయడం చదవడం వస్తే చాలు ఓటు అన్నారు, 1959లో పెద్దవాళ్ళందరికీ ఓటు వచ్చింది. ఓటు వచ్చాక లెక్క మారిపోయింది, ఎందుకంటే జనాభాలో సగం మంది హిందువులు.

ఇక్కడే అసలు భయం మొదలైంది. స్వాతంత్ర్యం వస్తే హిందూ పెత్తనం వస్తుందని క్రియోల్‌లు, ఫ్రెంచి సంతతివాళ్ళు, చాలామంది చైనీయులు భయపడ్డారు. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం వద్దు అన్న పక్షానికి నూటికి దాదాపు నలభై నాలుగు ఓట్లు పడ్డాయి. ఆలోచించండి, స్వేచ్ఛ వద్దు అని దాదాపు సగం దేశం ఓటేసింది. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోల్, ముస్లిం గుంపుల మధ్య కొట్లాటలు. బ్రిటిష్ సైన్యం దిగాల్సొచ్చింది. ఆ పరిస్థితుల్లో 1968 మార్చి 12న జెండా ఎగిరింది. ఆ తేదీ కావాలని పెట్టుకున్నదే, దండి యాత్ర మొదలైన రోజు అది. మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్, కూలీ కొడుకు, లండన్‌లో చదివిన డాక్టరు.

ఇప్పుడు ప్రభుత్వం ఎలా ఉంటుందో చూద్దాం. 1992 నుంచి గణతంత్రం. రాష్ట్రపతి ఉంటారు, అధికారం ప్రధానిది. మనలాంటి పార్లమెంటరీ పద్ధతే. ఇరవై నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో ముగ్గురు గెలుస్తారు, రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు. మొత్తం 62. దీని పైన ఎనిమిది దాకా సీట్లు 'బెస్ట్ లూజర్' సీట్లు. పేరు వింటే నవ్వొస్తుంది కానీ దేశం మొత్తానికి ఇరుసు అదే. నామినేషన్ వేసే ప్రతివాడూ తాను హిందువో, ముస్లిమో, చైనీయుడో, 'జనరల్ పాపులేషన్' మనిషో రాయాలి. ఎన్నికలయ్యాక ఏ వర్గానికి తక్కువ సీట్లు వచ్చాయో చూసి, ఆ వర్గంలో ఓడినా మంచి ఓట్లు తెచ్చుకున్నవాడిని సభలోకి తీసుకుంటారు. అంటే ఎవరూ పూర్తిగా బయట ఉండిపోకుండా ఒక ఏర్పాటు.

లెక్క దేని మీద వేస్తారంటే 1972 జనాభా లెక్కల మీద. ఆ తర్వాత జనాభా లెక్కల్లో వర్గం అడగడం మానేశారు. గొడవలు పెరుగుతాయని. యాభై ఏళ్ళు దాటిన అంకెలతో ఈరోజు సీట్లు పంచుతున్నారు. అభ్యర్థులు తప్పనిసరిగా వర్గం చెప్పాలనడం సబబు కాదని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా అంది. అయినా మార్చడానికి చెయ్యి రావడం లేదు. మార్చితే ఏ ముడి ఊడుతుందోనని.

ఆ నాలుగో డబ్బా దగ్గర కాసేపు ఆగాలి. 'జనరల్ పాపులేషన్' అంటే ఎవరు? రాజ్యాంగం ప్రకారం, మిగతా మూడిట్లోకి రానివాళ్ళందరూ. అంటే బానిసల మునిమనవలు, ఆ బానిసల్ని కొన్న యజమానుల మునిమనవలు, ఇద్దరూ ఒకే డబ్బాలో! ఒకరి చేతిలో చక్కెర మిల్లులు, బ్యాంకులు, హోటళ్ళు. ఇంకొకరు రేవులో మూటలు మోసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. లెక్కలో మాత్రం ఒకటే వర్గం. తెలుగు, తమిళ, మరాఠీవాళ్ళు రాజ్యాంగంలో హిందూ డబ్బాలోనే ఉన్నా, తమ భాషా సంఘాలు, తమ సెలవు, బడిలో తమ పాఠం సంపాదించుకున్నారు. ఉగాది సెలవు రహస్యం అదే. ఎవరికి సంఘం, పండగ, పూర్వీకుల భాష అని చూపించుకోవడానికి ఏదో ఉందో వాళ్ళకి వాటా దొరికింది. బానిసగా తెచ్చినప్పుడే పేరు, భాష, దేవుడు ఊడబెరికేసినవాడు ఏం చూపిస్తాడు?

1999 ఫిబ్రవరిలో ఇది పేలింది. కాయా అనే క్రియోల్ గాయకుడు, సెగా పాటకి రెగే కలిపి 'సెగే' అనే బాణీ సృష్టించినవాడు, పోలీసు కస్టడీలో చనిపోయాడు. కొన్ని రోజులపాటు దీవి అట్టుడికింది. అంతకు కొన్ని నెలల ముందు ఇంకో గొడవ. అక్కడి రూపాయి నోటు మీద విలువ ఇంగ్లిష్, తమిళం, హిందీల్లో ఉంటుంది. 1998లో కొత్త నోట్లలో హిందీ పైకి, తమిళం కిందికి వెళ్ళాయి. ఫ్రెంచివాళ్ళ కాలంలోనే వచ్చినవాళ్ళం, మా వరస ముందు అని తమిళులు వీధుల్లోకొచ్చారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మేస్త్రీలు వీళ్ళ పూర్వీకులే. ప్రభుత్వం అచ్చేసిన నోట్లు వెనక్కి తీసుకుంది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమవుతుంది: నోటు మీద రెండో వరస కోసం పోట్లాడగలిగినవాడికి ఇల్లున్నట్టే. కాయా అభిమానులు పోట్లాడింది వరస కోసం కాదు.

రాజకీయాల్లో ఇంకో మాట. 1968 నుంచి ఇప్పటిదాకా ప్రధాని పదవి రెండు ఇళ్ళు దాటింది ఒక్కసారే. రామ్‌గులామ్ తండ్రీ కొడుకులు, జగన్నాథ్ తండ్రీ కొడుకులు. మధ్యలో 2003 నుంచి 2005 దాకా రెండేళ్ళు కూడా నిండకుండా పాల్ బెరాంజే, ఫ్రెంచి సంతతి మనిషి. మనకి ఇది వింతేం కాదులెండి. కానీ ఎన్నికలు మాత్రం నిజమైన ఎన్నికలే, ఓడించాల్సినప్పుడు ఊడ్చి పారేస్తారు. 1982లో, 1995లో, మళ్ళీ 2024 నవంబరులో ప్రధాన దీవిలోని 60 సీట్లకి 60 ప్రతిపక్షానికే ఇచ్చారు. ఓడినవాళ్ళు లేచి ఇంటికెళ్ళారు. అక్కడ సైన్యం లేదు, పోలీసులూ ఒక పారామిలిటరీ దళమూ అంతే. కుట్ర చేసే జనరల్ అసలు ఉండడు.

డబ్బు సంగతికొస్తే, 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త నివేదిక రాశాడు. తర్వాత నోబెల్ కూడా వచ్చింది ఆయనకి. ఒకటే పంట, తుపాను వస్తే అదీ ఉండదు, మలేరియా తగ్గి జనాభా రాకెట్‌లా పెరుగుతోంది, జాతులు కొట్టుకుంటాయి, ఈ దేశం బాగుపడేలా లేదు అన్నట్టు తేల్చాడు. ఆయన చెప్పిన కష్టాలన్నీ నిజమే. అప్పటికి ఎగుమతుల్లో నూటికి తొంభైకి పైగా చక్కెరే. అయితే ఆ ఉపాయాల్లో కొన్ని వాళ్ళు పట్టుకున్నారు. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చి, హాంకాంగ్ పెట్టుబడితో స్వెట్టర్లు, టీ-షర్టుల ఫ్యాక్టరీలు పెట్టారు. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో పనిలోకి వచ్చారు. 1975లో యూరప్‌తో ఒప్పందం, ఏటా ఐదు లక్షల టన్నుల చక్కెర ప్రపంచ ధర కంటే చాలా ఎక్కువకి కొనేలా. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం.

అన్నిటికంటే పెద్ద నిర్ణయం, చెయ్యకుండా వదిలేసినది. ఫ్రెంచి సంతతివాళ్ళ చెరకు తోటల్ని జాతీయం చెయ్యలేదు. ప్రభుత్వం మెజారిటీవాళ్ళది, వ్యాపారం పాత యజమానులది, వాళ్ళ చక్కెర మీద పన్ను వేసి దాంతో పెన్షన్లు, బడులు, ఆసుపత్రులు. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ ఒప్పందం అదే. న్యాయమా అంటే కాదు. పనికొచ్చిందా అంటే, వచ్చింది. ఆ పక్కనే మడగాస్కర్ పరిస్థితి చూస్తే తెలుస్తుంది.

తర్వాత టూరిజం, బ్యాంకింగ్. ఇండియాతో 1982లో కుదిరిన పన్ను ఒప్పందం వల్ల చాలా ఏళ్ళు మన దేశంలోకి వచ్చే విదేశీ పెట్టుబడిలో మారిషస్‌దే మొదటి స్థానం. అంత చిన్న దీవికి అంత డబ్బెక్కడిది అని అడగకండి, అందులో చాలావరకు అటునుంచి ఇటు తిరిగి వచ్చిన డబ్బే అని అందరికీ అనుమానం. 2016లో ఒప్పందం సవరించి ఆ తలుపు చాలావరకు మూశారు. 2020లో ప్రపంచ బ్యాంకు మారిషస్‌ని అధికాదాయ దేశమంది. కొవిడ్‌లో విమానాలు ఆగిపోగానే మర్నాటి ఏడే ఆ హోదా పోయింది. అదే ఏడాది జులైలో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ మీదికెక్కి వెయ్యి టన్నుల దాకా ఆయిల్ సముద్రంలో పోయింది. జనం చెరకు ఆకు గోతాల్లో కుక్కి, జుట్టు కత్తిరించి ఇచ్చి, తేలే కట్టలు తయారుచేసి ఆయిల్‌ని ఆపడానికి దిగారు. అక్కడ హిందువా, క్రియోలా అని ఎవరూ అడిగినట్టు లేదు.

తిండి గురించి ఒక్క ముక్క. రోడ్డు పక్కన 'ధోల్ పురి' అమ్ముతారు, పప్పు పొడి కూరిన పలచటి రొట్టె. 'గాతో పిమా' అంటే మన పప్పు వడే, పేరు మాత్రం ఫ్రెంచి మాట, మిరపకాయ కేకు. ఇవి తినడానికి వర్గం అక్కర్లేదు.

ఇంకొకటి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. స్వాతంత్ర్యానికి మూడేళ్ళ ముందు, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసింది. ముప్పై లక్షల పౌండ్లు ఇచ్చి. అమెరికాకి డియెగో గార్సియాలో సైనిక స్థావరం కావాలి, ఖాళీ దీవి కావాలి. కానీ అక్కడ మనుషులున్నారు, పదిహేను వందల నుంచి రెండు వేల మంది, కొబ్బరి తోటల్లో తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు, ఎక్కువమంది బానిసల సంతతి. వాళ్ళు స్థిరనివాసులు కాదు, వచ్చిపోయే కూలీలు అని కాగితాల్లో రాశారు. మారిషస్ వైద్యానికొచ్చినవాళ్ళని తిరిగి ఓడెక్కనివ్వలేదు. పెంపుడు కుక్కల్ని పట్టి గ్యాస్‌తో చంపారు. 1973కల్లా అందర్నీ ఖాళీ చేయించి పోర్ట్ లూయీ రేవులో, సీషెల్స్‌లో దింపేశారు. మురికివాడల్లో పడ్డారు.

2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చెల్లదని అభిప్రాయం చెప్పింది. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు మారిషస్ వైపు ఓటేశాయి, ఎదురుగా ఆరే. ఇండియా మారిషస్ వైపు. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి: దీవులు మారిషస్‌వి, డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్ళ లీజుకి బ్రిటన్ దగ్గరే, దానికి ఏటా సగటున 10 కోట్ల పౌండ్ల అద్దె. మిగతా దీవుల్లో మారిషస్ జనాన్ని ఉంచుకోవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం కుదరదు.

చాగోస్‌వాళ్ళలో కొందరు పోర్ట్ లూయీలో సంబరం చేసుకున్నారు. కొందరు లండన్‌లో కోర్టుకెక్కారు, మమ్మల్ని అడక్కుండా మా దీవి బేరం చెయ్యడానికి ఈ రెండు ప్రభుత్వాలెవరు అని. డియెగో గార్సియాలో పుట్టి, ఇంకా బతికి ఉన్నవాళ్ళంతా ఇప్పుడు ముసలివాళ్ళు.